సాక్సాల్, సాల్ట్‌బుష్, వింటర్‌ఫ్యాట్ విత్తనాలు: నిల్వ, మొలక

బీడునేల:
ఎడారి మేత భూముల కోసం ఈ సీజన్‌లో సేకరించిన ఈ మూడు రకాల పొదల విత్తనాలూ మామూలు గదిలో, గోనె సంచుల్లో ఉన్నాయి. నాలుగు రెక్కల సాల్ట్‌బుష్‌ను పరీక్షకు పెడితే వందకు ముప్పై మొలిచాయి. ఈ లాటు (ఒకేసారి సేకరించిన విత్తనం) పనికిరాదా? మిగతా రెండూ వచ్చే ఏడాది దాకా నిలవాలంటే ఏం చేయాలి?

గింజకట్టు:
ముందు తాలు ఎంతుందో చూడండి. వంద కాయలు బ్లేడుతో అడ్డంగా కోయండి. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే నిండు గింజ. సాల్ట్‌బుష్‌లో సగం తాలు ఉండటం మామూలే. వందలో 45 నిండువై 30 మొలిస్తే అసలు మొలక 67 శాతం. కొత్త గింజకు అది మంచి లెక్కే, పారేయకండి. దీనికి బాగా మొలవాలంటే కోత తర్వాత దాదాపు పది నెలల విరామం కావాలి. పొడి గదిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇప్పుడే చల్లాలంటే రెక్కలు నలిపి తీసేసి, నీళ్లు మారుస్తూ ఒక రోజు నానబెట్టి కడగండి. రెక్కల్లోని ఉప్పులు, సపోనిన్లు (సబ్బులా నురగొచ్చే పదార్థాలు) మొలకను అడ్డుకుంటాయి. అంతకు మించి నానితే గాలాడక గింజ కుళ్లుతుంది.

ఇసుకగాలి:
సాక్సాల్‌కు మాత్రం ఈ విరామం మాట వద్దు. పల్చటి తొడుగులో చుట్టచుట్టుకున్న పచ్చటి పిండం, అంతే ఆ గింజ. గది వేడిలో ఏడాది తిరిగేలోపు చాలావరకు చచ్చిపోతుంది. వింటర్‌ఫ్యాట్ ఇంకాస్త ఓర్చుకుంటుంది గానీ రెండు మూడేళ్లలో అదీ పడిపోతుంది. రెండింటినీ వెంటనే గోనెలోంచి తీసి, 35 డిగ్రీలు దాటని చోట నీడన పల్చగా ఆరబెట్టండి. తర్వాత సిలికా జెల్‌తో (తేమ పీల్చే గుళికలు) తేమ 6 శాతానికి దించండి. జెల్‌లో పెట్టే ముందు చిన్న నమూనాను 103 డిగ్రీల ఓవెన్‌లో 17 గంటలు ఉంచి, తగ్గిన బరువును బట్టి తేమ లెక్కకట్టండి. అది 12 శాతం వస్తే, 1,000 గ్రాముల లాటు 936 గ్రాములకు తగ్గినప్పుడు 6 శాతానికి వచ్చినట్టు. అప్పుడే గాలి చొరని డబ్బాలో మూసి ఫ్రీజర్‌లో పెట్టండి. తేమ ఎక్కువున్న గింజను పెడితే లోపలి నీరు గడ్డకట్టి పిండం చీలుతుంది.

బీడునేల:
వింటర్‌ఫ్యాట్ నూగు మెషీన్‌లో తీసేయొచ్చా? చల్లడానికి ఉండలు కడుతోంది.

ఇసుకగాలి:
వద్దు. సుత్తి మిల్లులో వేస్తే వేరు మొన దెబ్బతింటుంది. అలాంటి గింజ మొలిచినట్టే కనిపించి, వేరు దిగక ఎండిపోతుంది. పైగా ఆ నూగే గింజను నేలకు పట్టి ఉంచుతుంది. చేత్తో విడదీసి చల్లండి.

గింజకట్టు:
డబ్బా ఫ్రీజర్‌లోంచి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, రాత్రంతా వదిలేయడం మేలు. చల్లటి గింజ మీద గాలిలోని తేమ పట్టేస్తుంది. సాక్సాల్ ఆ తడికే మొలకెత్తడం మొదలెట్టి, మళ్లీ ఎండితే చస్తుంది. చల్లాక అర సెంటీమీటరుకు మించి కప్పొద్దు. ఎండలు ముదరక ముందే, నేల 10 డిగ్రీల దగ్గర ఉండగా పని ముగించండి.