చైన్ వదులు సెంటర్ స్టాండ్ మీద కొలవాలా, సైడ్ స్టాండ్ మీదా?

బెజవాడ_వీల్
125 సీసీ బండి, వెనక డ్రమ్ బ్రేకు, చైన్‌కి పూర్తి కవరు. సెంటర్ స్టాండ్ వేసి కొలిస్తే వదులు (చైన్ కింది వరస మధ్యలో పైకీ కిందికీ ఆడే దూరం) 40 మిల్లీమీటర్లు, సైడ్ స్టాండ్ మీద 30. మాన్యువల్లో 25–30 అనే ఉంది. ఇంట్లో బిగించుకునేవాళ్లు ఏ కొలత పట్టుకోవాలి? అసలు ఇది ఇంట్లో చేసే పనేనా?

పానా_14
సెంటర్ స్టాండే అండి. చక్రం గాల్లో తిరుగుతుంది, చైన్ మొత్తం చూడొచ్చు. చేయి తిరిగినవాళ్లకి స్కేలు అక్కర్లేదు, కింది వరసని మధ్యలో వేలితో ఎత్తితే తెలిసిపోతుంది. ఆటోనగర్‌లో పది నిమిషాల పనికి ఇంట్లో ఇంత తతంగం దేనికి?

గుంటూరు_స్ప్రాకెట్
పానా గారూ, చక్రం తిప్పి చూడ్డానికి సెంటర్ స్టాండ్ మంచిదే, కాదనను. కొలతకి మాత్రం మాన్యువల్ ఏ స్టాండ్ చెబితే అదే. ఎందుకో చెబుతాను.

ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) కేంద్రం, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఊగే చట్రం) తిరిగే పిన్ను ఒకేచోట ఉండవు. బరువు పడి వెనక షాక్ అబ్జార్బర్లు దిగేకొద్దీ వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) పైకొస్తుంది. ముందు స్ప్రాకెట్, పిన్ను, యాక్సిల్ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిర్రుగా ఉంటుంది. సెంటర్ స్టాండ్ మీద చక్రం వేలాడుతుంది కాబట్టి చైన్ వదులుగా కనిపిస్తుంది. సైడ్ స్టాండ్ మీద బండి సొంత బరువుకే షాకులు కొంత దిగుతాయి. మీ 40కీ 30కీ తేడా అక్కడిదే. సైడ్ స్టాండ్‌కి ఇచ్చిన అంకెని సెంటర్ స్టాండ్ మీద తెచ్చారంటే, ఇద్దరెక్కి గుంతలో దిగినప్పుడు చైన్‌కి సాగే చోటే ఉండదు. ఆ లాగుడంతా గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్టు బేరింగ్ మీద పడుతుంది. ముందు స్ప్రాకెట్ వెనక ఆయిల్ సీలు కారడం మొదలవుతుంది. మరీ వదులైతే చైన్ కవర్‌కి కొట్టుకుంటుంది, పళ్ల మీంచి ఎగిరి చక్రం పట్టేయొచ్చు.

ఇక వేలి లెక్క. యాక్సిల్‌ని వెనక్కి జరిపే అడ్జస్టర్ బోల్టు 8 ఎంఎం, మర 1.25 (అంటే చుట్టుకి 1.25 మిల్లీమీటర్లు జరుగుతుంది) అనుకోండి. స్ప్రాకెట్ల మధ్య సుమారు 55 సెంటీమీటర్లు ఉంటే, రెండు వైపులా పావు చుట్టు తిప్పితేనే 40 వదులు సుమారు 30కి దిగుతుంది. అర చుట్టు దాటితే దాదాపు ఏమీ మిగలదు. వేలికి ఈ తేడా అంత కచ్చితంగా అందదు. స్టీలు స్కేలు నిలబెట్టి, చైన్ దిగే కింది కొన, లేచే పై కొన రెండూ చూడాలి. పూర్తి కవరున్న బండికి కింద రబ్బరు మూత తీసి ఆ రంధ్రంలోంచి చూడండి.

కొత్తపేట_428
ఇంట్లో చేయొచ్చు, వరస తప్పకపోతే. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా చైన్ దగ్గర వేలు పెట్టారంటే వేలు పోతుంది, ఇందులో మినహాయింపు లేదు. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల వదులు చూసి, అన్నిటికంటే బిర్రుగా ఉన్నచోట గుర్తు పెట్టుకోండి. కొలత ఆ చోటికే.

స్ప్లిట్ పిన్ను (నట్టు ఊడకుండా పెట్టే చీలిక పిన్ను) ఉంటే తీసి, యాక్సిల్ నట్టు వదులు చేయండి. అవతలి వైపు యాక్సిల్ తిరక్కుండా ఇంకో పానాతో పట్టాలి. డ్రమ్ బ్రేకు బండికి టార్క్ ఆర్మ్ (బ్రేకు ప్లేటు తిరక్కుండా పట్టే కడ్డీ) నట్టు కూడా వదులు చేయండి, చాలామంది మరిచేది ఇదే. అడ్జస్టర్‌ని రెండు వైపులా సమానంగా, నట్టు ఆరు ముఖాల్లో ఒక్కో ముఖం చొప్పున తిప్పండి. స్వింగార్మ్ గీతల్ని పూర్తిగా నమ్మొద్దు, పిన్ను మధ్య నుంచి యాక్సిల్ మధ్యకి రెండు వైపులా టేపుతో కొలిచి చూడండి.

బిగించే ముందు చైన్‌కీ వెనక స్ప్రాకెట్‌కీ మధ్య గుడ్డ ముద్ద పెట్టి చక్రాన్ని వెనక్కి తిప్పితే యాక్సిల్ ముందుకి జరిగి అడ్జస్టర్లకి ఆని కూర్చుంటుంది. నట్టు బిగించాక గుడ్డ తీసి, వదులు మళ్లీ చూడాల్సిందే, బిగింపులో మారుతుంది. కొత్త స్ప్లిట్ పిన్ను వేయండి. చివరికి బ్రేకు: యాక్సిల్ వెనక్కి జరిగితే బ్రేకు రాడ్ లాగేసి పెడల్ ఆట (బ్రేకు పట్టే ముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) తగ్గుతుంది, షూలు డ్రమ్‌కి రాసుకుని వేడెక్కుతాయి. రాడ్ నట్టు వదిలి, ఆట మాన్యువల్ కొలతకి తెచ్చి, బ్రేకు లైటు వెలిగేచోటు కూడా చూసుకోండి.

పానా_14
టార్క్ ఆర్మ్ మాట ఒప్పుకుంటాను, హడావుడిలో వదిలేస్తారు. కానీ టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) ఎవరి ఇంట్లో ఉంటుందండి? చేతి బలం చాలు.

గుంటూరు_స్ప్రాకెట్
చాలదు. యాక్సిల్ నట్టు అతిగా బిగిస్తే మర పోతుంది, తక్కువైతే చక్రం జరుగుతుంది. సొంతంగా కొనక్కర్లేదు, నలుగురు కలిసి ఒకటి పెట్టుకోండి.

బెజవాడ_వీల్
మళ్లీ మాన్యువల్ తీసి చూశాను, సైడ్ స్టాండ్ అనే ఉంది. అంటే నా 30 సరిపోయినట్టేనా? చక్రం తిప్పితే ఒకచోట 30, ఎదురుచోట 45 వస్తోంది.

కొత్తపేట_428
30 దగ్గర బిగించకండి. ఈ తేడా అడ్జస్టర్‌తో పోయేది కాదన్నా, చైన్ ఒక్కోచోట ఒక్కోలా సాగింది, లేదా స్ప్రాకెట్ అరిగింది. 428 సైజు చైన్ కొత్తగా ఉన్నప్పుడు 20 లింకులు 254 మిల్లీమీటర్లు. కవరు విప్పి, లాగిపట్టి కొలవండి. 259 దాటితే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి కిట్టుగా మార్చాలి. కొత్త చైన్‌కి లింకు క్లిప్పు మూసి ఉన్న కొన చైన్ నడిచే దిక్కుకి ఉండాలి.