క్లిప్పులు వేసిన అబ్బాయి, యాప్‌లో 23 రోజుల వరుస, తడవని బ్రష్

ప్రశ్న: మారతహళ్ళి (బెంగళూరు) అమ్మ

నమస్కారం. మా అబ్బాయికి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. గత జూన్‌లో పళ్ళకు క్లిప్పులు వేయించాము. క్లిప్పులున్న పళ్ళు మామూలుగా తోమితే చాలదనీ, తీగ పైన ఒకసారి, తీగ కింద ఒకసారి తోమాలనీ ఆ రోజే చెప్పి పంపారు. పొద్దున్న ఆరూ యాభైకి స్కూలు బస్సు. మా వారు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆయన వచ్చాకే అందరం తింటాము. అందువల్ల రాత్రి పూట తోమడం ఎప్పుడూ నిద్రకళ్ళ మీద జరిగే పనే.

రోజూ నేను వెంటపడి చెప్పడం వాడికీ కష్టంగా ఉంది, నాకూ కష్టంగా ఉంది. అందుకని ఫోనులో ఒక యాప్ వేశాను. అది తొమ్మిదీ నలభై ఐదుకి గుర్తు చేస్తుంది. తోమాక బొత్తాం నొక్కితే ఆ రోజుకు ఒక నక్షత్రం వస్తుంది. 23 రోజులు ఒక్కటీ తప్పకుండా నక్షత్రాలు వచ్చాయి. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఊళ్ళో ఉన్న మా అమ్మకు ఫోను చేసి మరీ చెప్పాను.

సంక్రాంతి వెళ్ళిన వారం తీగ బిగించడానికి తీసుకెళ్ళాము. పండగకు పక్కింటి కన్నడ వాళ్ళు ఎళ్ళు బెల్ల (నువ్వులూ బెల్లమూ కలిపిన పండగ తినుబండారం) ఇచ్చారు. అందులో బెల్లం ముక్కలూ ఎండుకొబ్బరీ వీడికి ప్రాణం. ముందు దాని వల్లే అనుకున్నాను. డాక్టరు గారు పళ్ళకు ఏదో రంగు మందు రాసి, పుక్కిలించమని, అద్దం చేతికిచ్చారు. ప్రతి క్లిప్పు చుట్టూ ముదురు గులాబీ రంగు. అదంతా పాచి అన్నారు. పైపళ్ళలో రెండింటి మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్ల మచ్చలు కూడా మొదలయ్యాయి. ఒక్క పండగ తీపితో వచ్చేవి కావవి అని చెప్పారు.

ఆ రాత్రి వాడు పడుకున్నాక బ్రష్ పట్టుకుని చూశాను. కుచ్చు పొడిగా ఉంది. యాప్‌లో మాత్రం నక్షత్రం ఉంది. తర్వాత మూడు రాత్రులూ అంతే. వాడిని ఇంకా ఏమీ అడగలేదు. అబద్ధం చెప్పాడన్న బాధ ఒకటి, దొంగతనంగా బ్రష్ ముట్టుకుని చూస్తున్నానన్న బాధ ఇంకొకటి. ఈ వయసు పిల్లలకు నిజంగా పనికొచ్చిన యాప్ ఏదైనా ఉందా? లేక యాప్ అన్న ఆలోచనే తప్పా? ఆ మచ్చలు పోతాయా?

జవాబు 1: దంతవైద్యుడు, జయనగర్

అమ్మా, ముందు మచ్చల సంగతి. పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతాయి. ఆ ఆమ్లం పంటి పైపొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. క్లిప్పు చుట్టూ పాచి నిలిచిపోతే నెల రోజుల్లోనే తెల్ల మచ్చ కనబడవచ్చు. అది ఇంకా పిప్పి కాదు. ఇప్పుడు శుభ్రం మొదలైతే అక్కడితో ఆగుతుంది, కొంత తగ్గుతుంది కూడా. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడండి. మన దేశంలో పేస్టులో దాని పరిమితి 1000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి. ఆ అంకెకు దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. మూలికల పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు. తోమాక నురుగు ఉమ్మితే చాలు, నీళ్ళతో పుక్కిలించి ఆ మందును కడిగేయవద్దు. తీగ కింద తిప్పడానికి సీసా బ్రష్ ఆకారంలో సన్నటి బ్రష్‌లు దొరుకుతాయి.

యాప్ ఆలోచన తప్పు కాదు. కానీ మీరు వేసిన యాప్‌కు తెలిసేది బొత్తాం ఒక్కటే, పన్ను తెలియదు. ఇటలీలో క్లిప్పులున్న 80 మంది పిల్లల మీద చేసిన పరిశీలన ఒకటి 2016లో వచ్చింది. సగం మందిని ఒక వాట్సాప్ బృందంలో చేర్చి, వారం వారం తమ పళ్ళ ఫోటోలు అందులో పెట్టమన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ బృందంలో పాచీ, కొత్త తెల్ల మచ్చలూ తక్కువగా ఉన్నాయి. అక్కడ పనిచేసింది, నాకు తోచినంతలో, ఫోను గంట కాదు, తోటివాళ్ళు చూస్తారన్న ఎరుక. నా దగ్గరకు వచ్చే పిల్లల్లోనూ నేను గమనించింది అదే.

జవాబు 2: బెళ్ళందూరు తండ్రి

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానండీ. ఏ యాప్ వేసినా, పళ్ళు తోమడానికి ఫోను నంబర్ల జాబితా, ఉన్న చోటు ఎందుకు అడుగుతోందో చూడండి. అడిగితే తీసేయండి. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. మా అమ్మాయికి బ్రష్ డీజే అనే యాప్ నచ్చింది. ఒక బ్రిటిష్ దంతవైద్యుడు తయారు చేసింది. మన ఫోనులో ఉన్న పాటనే రెండు నిమిషాలు వినిపిస్తుంది.

జవాబు 3: రెండో పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) విద్యార్థిని

ఆంటీ, నాకు పోయిన ఏడాదే క్లిప్పులు తీశారు. నేను కూడా తోమకుండా బొత్తాం నొక్కాను. సోమరితనం ఒక్కటే కారణం కాదు. ఒక్క రోజు తప్పితే నలభై రోజుల లెక్క సున్నా అయిపోతుంది. ఆ సున్నా చూడలేక నొక్కేదాన్ని. ఒకసారి నొక్కాక రెండోసారి ఇంకా సులువు.

తొమ్మిదీ నలభై ఐదు అన్న గంట కూడా మార్చండి. సరిగ్గా అప్పుడు ఏదో ఒక పనిలో ఉంటాము, చేత్తో పక్కకు తోసేస్తాము. నేను ఫోను చార్జింగుకు పెట్టే ముందు తోముకోవడం అలవాటు చేసుకున్నాను. ఫోను చార్జింగు మాత్రం ఎప్పుడూ మరిచిపోము కదా. ఆదివారం రాత్రి తోమాక, పాచి మిగిలిన చోట రంగు పట్టించే గులాబీ బిళ్ళ నమిలి, ఇద్దరు స్నేహితురాళ్ళతో ఫోటోలు మార్చుకునేదాన్ని. ఆ బృందంలో పెద్దవాళ్ళెవరూ లేరు.

ఇంకొకటి ఆంటీ. బ్రష్ ముట్టుకుని చూశారని మీరే చెప్పేయండి. తనంతట తాను కనిపెడితే చాలా రోజులు మాట్లాడడు.

ప్రశ్న అడిగిన అమ్మ, ఏడు వారాల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయీ, నీ మాట చదివిన రోజే వాడికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సున్నా అయితే నువ్వు అమ్మమ్మకు ఏం చెప్తావో అని నొక్కాను” అన్నాడు. ఆ ఫోను కాల్ వాడి మీద ఇంత బరువు పెట్టిందని నాకు తట్టనే లేదు. నక్షత్రాల యాప్ ఇద్దరం కలిసి తీసేశాము.

ఇప్పుడు పాటలు. రెండు నిమిషాలు పైపళ్ళకు, ఇంకో రెండు కిందిపళ్ళకు. విజయవాడలో మా అక్క కూతురికీ క్లిప్పులే. ఆదివారం రాత్రి గులాబీ ఫోటోలు వాళ్ళిద్దరి మధ్యే నడుస్తున్నాయి. నాకు చూపించడు, నేను అడగను. బ్రష్ కూడా ముట్టుకోవడం లేదు.

క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రులు ఇప్పటికీ తప్పుతున్నాయి. వాడే చెప్తున్నాడు. శనివారం తీగ బిగించినప్పుడు కొత్త మచ్చలు లేవన్నారు. పాత రెండూ అలాగే ఉన్నాయి. కింది ముందుపళ్ళ లోపలి వైపు మాత్రం ఇంకా రంగు పడుతోంది. జయనగర్ డాక్టరు గారూ, అక్కడ బ్రష్‌ను నిలువుగా పట్టుకోమని మా డాక్టరు గారు అన్నారు, కానీ తలభాగం పెద్దదై లోపల తిరగడం లేదంటున్నాడు. చిన్నపిల్లల బ్రష్ వాడవచ్చా?