సమస్యాపూరణం: “ఊరు దొడిగిన రౌతుకు నూరటొదవె”

నిర్వాహకులు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారపు సమస్య తేటగీతి అనే ఛందస్సులోని పాదం. దీన్ని నాలుగవ పాదంగా ఉంచి, అర్థం కుదిరేటట్లు పై మూడు పాదాలు చెప్పాలి. ఊరిని ఒంటికి తొడుక్కోవడం ఎట్లా, తొడుక్కొన్న రౌతుకు దానివల్ల ఊరట కలగడం ఎట్లా అన్నవి ఇందులోని రెండు చిక్కులు. గుర్రపుస్వారీకి సంబంధించిన ఒక ఆంగ్లపదం పుట్టుక తెలిసినవారికి మొదటి చిక్కు వెంటనే విడిపోతుంది. రెండవది విడాలంటే ఆ పదం దేనికి పేరో, ఆ వస్తువు ఎట్లా పనిచేస్తుందో కూడా తెలియాలి. పాదాది అచ్చుతో ఉన్నందున మూడవ పాదాంతంలో వాక్యాన్ని ముగిస్తే విసంధి దోషం (సంధి చేయవలసిన చోట చేయకపోవడం) రాదని గమనించగలరు.

పూరణ 1 (గుంటూరు మిత్రులు):

జోధపురమునఁ బుట్టిన చూడిదారు
తొడల వదులయి మోకాలి తుదిని బిగిసి
యాంగ్లసీమకు దొరతోడ నరిగె నాఁడు;
ఊరు దొడిగిన రౌతుకు నూరటొదవె.

నిర్వాహకులు:
ఆర్యా, పదాన్ని సరిగ్గా పట్టుకొన్నారు. స్వారీ చేసేవారు తొడుక్కొనే లాగును ఆంగ్లేయులు ‘జాడ్‌పర్జ్’ అంటారు. మొదట ‘జోధ్‌పూర్ బ్రీచెస్’ అనే రెండు మాటలుగా ఉన్న పేరులో లాగును చెప్పే మాట జారిపోగా, ఊరి పేరు ఒక్కటే మిగిలి, తక్కిన లాగుల పేర్లవలెనే ఎప్పుడూ బహువచనంలో వాడుకలోకి వచ్చింది. రాఠోడ్ వంశపు రాజు రావ్ జోధా 1459లో మార్వాడలో (నేటి రాజస్థాన్‌లోని ఎడారిసీమ) కట్టించిన నగరం కనుక అది జోధ్‌పూర్ అయింది. అంటే స్వారీబడిలో చేరిన ఆంగ్లేయుల పిల్ల నిత్యం తొడుక్కొంటున్నది ఒక రాఠోడ్ రాజు పేరును. ఈ సంగతి నాకు తెలిసిననాటి నుండి దీన్ని సమస్యగా ఇవ్వాలని మనసులో ఉన్నది.

‘చూడిదారు’ అన్న రూపం వాడుకలోని ‘చుడీదారు’కు భిన్నమైనా, హిందీలో గాజుకు ‘చూడీ’ అని పేరు కనుక, చీలమండ దగ్గర బట్ట గాజులు పేర్చినట్లు ముడతలు పడుతుంది కనుక, మూలానికి దగ్గరగానే ఉన్నది. యతి చక్కగా కుదిరింది.

ఒక్క సందేహం. ‘దొర’ అనగానే తెలుగు పాఠకుడికి తెల్లదొర గుర్తుకు వస్తాడు. ఇక్కడి దొర జోధ్‌పూర్ మహారాజు తఖ్త్ సింగ్ కుమారుడు సర్ ప్రతాప్ సింగ్. విక్టోరియా రాణి పాలనకు అరవై ఏండ్లు నిండిన వేడుకలకు ఆయన 1897లో ఇంగ్లండుకు వెళ్లినప్పుడు, పోలో ఆటలో ఆయనకున్న ప్రావీణ్యంతో పాటు ఆయన బృందం తొడిగిన లాగులు కూడా అక్కడివారి కంటబడి ఆదరణ పొందాయి.

గుంటూరు మిత్రులు:
ధన్యవాదాలండీ. ‘దొర’ అన్నది ప్రభువన్న అర్థంలోనే వాడాను. మీ వివరణ పద్యం క్రింద ఉంటే చాలుననుకొంటున్నాను.

పూరణ 2 (విశాఖ మిత్రులు):

జీను రాపిడి తొడలకు జేటుఁ గూర్ప
మెత్తనగు తోలు దర్జీయె మీదఁ గుట్టి
హయము నెక్కెడి వారికై యమరఁ జేయ
ఊరు దొడిగిన రౌతుకు నూరటొదవె.

నిర్వాహకులు:
జీను రాపిడిని ఎత్తుకోవడం మంచి ఆలోచన. మోకాళ్ల లోపలివైపు, జీనుకు ఒరుసుకొనే చోట, అదనపు పొర వేసి కుట్టడం ఈ లాగుకు ముఖ్యలక్షణం. అయితే రెండు లోపాలున్నాయి. మూడవ పాదంలోని ‘జేయ’ ద్రుతాంతం (చివర నకారం రాదగిన పదం) కనుక తరువాతి అచ్చుతో కలిసి ‘నూరు దొడిగిన’ అవుతుంది. ‘అమరఁ జేసె’ అంటే వాక్యం ముగిసి ఆ ఇబ్బంది తొలగుతుంది. రెండవ లోపం పెద్దది. పద్యంలో ఎక్కడా జోధ్‌పూర్ ప్రస్తావన లేదు కనుక, ఏ ఊరో తెలియక సమస్య సమస్యగానే మిగిలిపోయింది.

విశాఖ మిత్రులు:
‘ఊరు’ శబ్దానికి సంస్కృతంలో తొడ అని అర్థం ఉన్నది కదా. తొడలకు తొడిగేది అన్న శ్లేషతో రాశాను.

నిర్వాహకులు:
ఆ శ్లేష మనసులో మెదలడం సహజమే. నేనూ దానిని చూసే ఈ పాదం ఎన్నుకొన్నాను. కాని తెలుగులో ఆ తత్సమం ‘ఊరువు’ అవుతుంది. ‘ఊరు దొడిగిన’ అన్నచోట ‘తొడలకు తొడిగిన’ అనే అర్థం విభక్తి లేకుండా రాదు. శ్లేష ధ్వనిగా ఉండవచ్చును గాని అన్వయమంతా దానిమీదనే నిలబెట్టరాదు.

కరీంనగరం మిత్రులు:
పూరణ పంపే ముందు ఒక ప్రశ్న. మన పెండ్లిళ్లలో వరుడు తొడిగే మెడ మూసిన కోటును ‘జోధ్‌పురీ’ అంటాము. దానిపై పద్యం చెప్పవచ్చునా? అట్లాగే బందరు పేరు మీద మస్లిన్ వచ్చిందంటారు కనుక, ఆ బట్ట కట్టిన రౌతును వర్ణించవచ్చునా?

నిర్వాహకులు:
కోటు విషయంలో పేరు సరిపోతుంది గాని అది స్వారీకోసం పుట్టిన దుస్తు కాదు. ‘రౌతు’, ‘ఊరట’ రెండూ వట్టిపోతాయి. ఇక మస్లిన్ మచిలీపట్నం పేరు కాదు. ఇరాక్‌లోని మోసుల్ నగరం పేరు మీద వచ్చినది. ఈ పొరపాటు మనవారిలో బాగా నాటుకొని ఉన్నది. బందరు అద్దకాల ఘనత ఈ ఆసరా లేకుండానే నిలబడగలదు కనుక దీన్ని వదిలిపెట్టడమే మర్యాద. ఊరి పేర్లు బట్టలకు పేర్లయిన సందర్భాలు కావాలంటే కోళిక్కోడు నుండి ‘కాలికో’, బొంబాయిలోని డోంగ్రీ నుండి ‘డంగరీ’ ఉన్నాయి. కాని అవి రౌతుల దుస్తులు కావు.

పూరణ 3 (డాలస్ నుండి సోదరి):

ఎండ మండెడి మార్వాడ నేల పొడవు
తోలుబూటులు కాళ్లకుఁ దొడుగ ననుచు
జోధపురి లాగు మడమలఁ జుట్టి నిలిచె;
ఊరు దొడిగిన రౌతుకు నూరటొదవె.

నిర్వాహకులు:
అమ్మా, ఇది ఈ వారపు పూరణలలో నాకు అన్నిటికంటె నచ్చినది. ఊరటకు అసలు కారణం మీరే చెప్పారు. పాత ఆంగ్ల స్వారీలాగు పిక్కల మీదనే ఆగిపోతుంది కనుక దానికి మోకాలిదాకా వచ్చే పొడవాటి బూట్లు తప్పనిసరి. జోధ్‌పూర్ లాగు కాలిని అంటిపెట్టుకొని చీలమండదాకా దిగుతుంది కనుక పొట్టి బూటు చాలును. ఆ పొట్టి బూటుకు కూడా ఆంగ్లంలో ఆ ఊరి పేరే స్థిరపడింది. ఎడారి ఎండలో పిక్కలకు తోలు తొడుగు తప్పడం ఎంత హాయో వేరే చెప్పనక్కరలేదు. లాగు చేతనే ‘ఏల’ అని పలికించడం కవిత్వం.

గుంటూరు మిత్రులు:
సోదరి పద్యం బాగున్నది. అయితే మడమ అంటే పాదం వెనుకభాగం. లాగు ఆగేది చీలమండ దగ్గర కదా.

డాలస్ సోదరి:
నిజమేనండీ. మా అమ్మాయి ఇక్కడ స్వారీ నేర్చుకొంటున్నది. లాగు మడమ క్రిందికి జారకుండా ఉండాలని నేనే రోజూ చూస్తూ ఉంటాను, అయినా పద్యంలో జారవిడిచాను. గుల్ఫమంటే చీలమండే కనుక ‘జోధపురి లాగు గుల్ఫమ్ముఁ జుట్టి నిలిచె’ అంటే సరిపోతుందా?

నిర్వాహకులు:
సరిపోతుంది. ‘మడమ’లోని ఇంపు కొంత తగ్గినా, కుట్టుపని మీద నడిచే పద్యంలో కొలత తప్పకూడదు.

మీ అమ్మాయి తొడిగే లాగుకు తొడల దగ్గర ఉబ్బు ఉండకపోవచ్చును. పూర్వం బట్టకు సాగే గుణం లేదు. జీను మీద కూర్చొని మోకాలు వంచాలంటే తుంటి దగ్గర, తొడల దగ్గర అంత వదులు విడువక తప్పేది కాదు. ఆ ఉబ్బు సొగసుకోసం వచ్చినది కాదు. సాగే నేతలు వచ్చిన తరువాత దాని అవసరం తీరిపోయింది. అది చెప్పడానికి నా ప్రయత్నం:

సాగు నేఁతలు వచ్చె, నా జాఱు వదులు
పోయెఁ; బేరేమొ నిలిచెను పూర్వమట్లె;
నాఁటి మార్వాడ దర్జీల నైపుణి యిది;
ఊరు దొడిగిన రౌతుకు నూరటొదవె.

విశాఖ మిత్రులు:
ఆర్యా, మొదటి రెండు పాదాలు ఎంతో బాగున్నాయి. మూడవ పాదంలోని ‘ఇది’ దేనిని సూచిస్తున్నదో స్పష్టంగా లేదు. వదులు పోయిందని చెప్పిన వెంటనే దర్జీల నైపుణ్యమంటే, పోవడమే వారి నైపుణ్యమన్న అర్థం వస్తున్నది.

నిర్వాహకులు:
మీరు చెప్పినది యథార్థం. సవరించి రేపు ఉదయం మళ్లీ ఉంచుతాను. అందాక మీరు కూడా జోధ్‌పూర్ పేరును చేర్చి మీ పూరణను తిరిగి పంపగలరు.