పిలకాయలు, పెద్దోళ్లు ఒకే బ్యాచ్‌లో సినిమా తీసేది నేర్చుకోవచ్చా? విడిగా పెట్టాలా?

పెన్నాగట్టు:
అన్నలకీ అక్కలకీ నమస్తే. విషయం ఏందంటే మే సెలవుల్లో మా ఊరి లైబ్రరీలో ఐదు రోజులు సెల్‌ఫోన్‌తో చిన్న సినిమా తీసేది నేర్పిస్తుండాం, నిరుడు ఒకసారి చేశాం, ఇది రెండోసారి. ఊరు నెల్లూరు పక్క ఇందుకూరుపేట అవతల, చుట్టూ రొయ్యల గుంటలు. నిరుడు పిలకాయలు పద్నాలుగు మంది, పెద్దోళ్లు తొమ్మిది మంది వస్తే అందరినీ ఒకేచోట కూర్చోబెట్టాం. ఈసారి మాలోనే రెండు మాటలొచ్చాయి, పొద్దున పిలకాయలకి, సాయంత్రం పెద్దోళ్లకి విడివిడిగా పెడదామని సగం మంది పట్టుబడుతుండారు. నేను కలిపే పెట్టాలంటుండా. ఇట్టాంటివి చేసినోళ్లుంటే మీరు కళ్లారా చూసింది చెప్పండి.

ఒంగోలు టీచర్:
తమ్ముడూ, విడిగానే పెట్టు. రెండేళ్ల కింద మా వీధిలో ఇట్టాగే మూడు రోజులు పెడితే ఒక తండ్రీ కూతురూ కలిసి వచ్చారు. మొదటి గంటలోనే ఫోను నాన్న చేతికి పోయింది, మళ్లీ పిల్ల చేతికి రాలా. ఏడో క్లాసు పిల్ల, మూడు రోజులూ మనుషుల మొహాల మీద వెలుతురు పడేదానికి తెల్ల థర్మాకోల్ షీటు పట్టుకుని ఎండలో నిలబడింది. ఆఖరి రోజు ఏం నేర్చుకున్నారో ఒక్కొక్కర్నీ చెప్పమంటే ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది, నాకు ఇప్పటికీ మనసులో ఉంది. ఆ నాన్న చెడ్డోడేం కాదు, ఈఎంఐలో కొన్న ఫోను, ఎక్కడ కింద పడేస్తదోనని భయం, అంతే. కానీ పెద్దోళ్లు పక్కనుంటే పెత్తనం వాళ్లకి తెలీకుండానే వచ్చేస్తది, పిల్లలు నోరు మెదపరు. కథ కూడా అంతే, పెద్దోళ్లకి హీరో నడిచొచ్చేది స్లో మోషన్‌లో కావాలి.

కావలి కుర్రోడు:
అసలు ఇది అవసరమా అన్నా? ఫోను చేతిలోంచి లాక్కోలేక ఇళ్లల్లో అందరూ తలలు పట్టుకుంటుంటే మనమే పిలిచి ఇచ్చేది ఏంది. రీల్స్ తీసేది వాళ్లకి మనకన్నా బాగా వచ్చు. దానికి బదులు ఆ ఐదు రోజులు ఈత నేర్పించండి, సముద్రం పక్క ఊరు.

పెన్నాగట్టు:
కావలి తమ్ముడూ, ఈత కూడా నేర్పించాల్సిందే, కాదన్ను. కానీ రీలు వేరు, ఇది వేరు. రీల్లో వాడు వాడినే చూసుకుంటాడు, ఇక్కడ ఎదుటి మనిషిని చూడాల. ఇంకొకటి, మన జిల్లాల్లోంచి సినిమాకి పోయినోళ్లు తక్కువేం కాదు, ఉదయగిరి సింగీతం గారు, ఒంగోలు పక్క దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారు, వీళ్లంతా మద్రాసు పోయి పేరు తెచ్చుకున్నోళ్లే. అప్పట్లో సినిమా అంటే ఊరొదిలి పోవాల్సిందే. ఇప్పుడు ఊళ్లోనే ఉండి ఊరి సంగతి తీయొచ్చు, ఆ వీలు ఉన్నప్పుడు వాడుకోకపోతే ఎట్టా?

టీచరక్కా, మీరు చెప్పింది చదివి బాధనిపించింది. నిరుడు మా దగ్గర కూడా మొదటి పూట అట్టానే అయింది. అందుకే మధ్యాహ్నం నుంచి రూలు పెట్టాం, మొదటి రెండు రోజులు ఫోను పిలకాయల చేతిలోనే ఉండాల, పెద్దోళ్లు ముట్టుకోకూడదు.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్తా. పదకొండేళ్ల పాప ఒకామె, వాళ్ల అవ్వ గుంటల పక్కన షెడ్డులో రొయ్యలు వలిచే పనికి పోతది. పాప ఫోను అడ్డంగా తిప్పి, నేల మీద పెట్టి, తట్టకి ఆనించింది. మేమైతే నిలబడి పైనించి తీసేవాళ్లం, పాప ఎత్తుకి తట్ట కనపడింది. ఐసులో నాని తెల్లగా ముడతలు పడిన వేళ్లు, తల తుంచేది, పక్కకి వేసేది, మళ్లీ తట్టలోకి చెయ్యి, నలభై సెకన్లు ఎక్కడా కట్ లేదు. పాప మెల్లిగా "అవ్వా, మండుతుందా?" అంది. అవ్వ చెయ్యి ఆపి "రాత్రిళ్లు కూట్లో చెయ్యి పెట్టలేనే" అంది. ఒకే ఇంట్లో ఉంటుండారు, ఆ మాట ఆ పాప ఎప్పుడూ వినలా.

కానీ వెనకాల గుంటల్లో నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్ల మోతకి అవ్వ మాట సగం వినపడలా. పాప ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు బ్యాచ్‌లో కూర్చున్న ఏరియేటర్ల మెకానిక్ అన్న లేచి, మేత వేసేటప్పుడు మేత కొట్టుకుపోకుండా కాసేపు మోటార్లు ఆపుతారమ్మా, ఆ టైములో తీసుకో అన్నాడు. రేపటి మేత టైము కనుక్కొని వచ్చి చెప్పింది కూడా ఆయనే. అక్కా, విడిగా పెట్టుంటే ఆ మాట ఆ పాపకి ఎవరు చెప్తారు? మేం నేర్పించేవాళ్లకే తెలీదు.

బిట్రగుంట రైలు:
ఈ కెమెరా ఎత్తు సంగతి జహీరాబాద్ వైపు పస్తాపూర్ ఆడోళ్లు ఎప్పుడో కనిపెట్టారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత రైతు మహిళలు, చాలామందికి చదువు రాదు, కెమెరా నేర్చుకుని వాళ్ల విత్తనాల మీద, సేద్యం మీద సినిమాలు తీశారు. పైనించి కిందికి చూసే షాట్‌ని పటేల్ షాట్ అన్నారు, కళ్లకి సమానంగా పెట్టేదాన్ని సంఘం షాట్ అన్నారు, సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు కాబట్టి. మీ పాప పెట్టింది సంఘం షాటే.

నా డౌట్ ఇంకోటి. తీసినాక యాడ చూపిస్తారు? యూట్యూబ్‌లో పెడితే మాత్రం నేను ఒప్పుకోను. 2023 డేటా చట్టం కూడా 18 ఏళ్ల లోపోళ్ల వివరాలు వాడాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలంటది. అవ్వ కూలీ ఇచ్చేవాళ్లు చూస్తే? ఆమె పని పోతే? 1967లో కెనడాలో ఫోగో అనే దీవిలో చేపలు పట్టేవాళ్ల మీద ఇట్టాగే సినిమాలు తీశారు, ఊరు ఖాళీ చేయించాలని గవర్నమెంట్ చూస్తున్న రోజులవి. తీసినవి ముందు ఆ ఊళ్లోనే వేసి జనం చేత మాట్లాడించారు, వాళ్లల్లో వాళ్లకి మాటలు కలిసి తర్వాత కోఆపరేటివ్ పెట్టుకున్నారు. ముందు ఊరు చూడాల, బయటోళ్లు తర్వాత.

ఒంగోలు టీచర్:
బిట్రగుంట అన్న మాట నూటికి నూరు నిజం. తమ్ముడూ, మెకానిక్ సంగతి చదివి నా మనసు కాస్త కదిలింది, అబద్ధం చెప్పను. కానీ మూడో రోజు నుంచి ఫోను పెద్దోళ్ల చేతికి పోతది కదా, అప్పుడు పిల్లల సినిమా ఎవరిది అవుతది? ఎడిటింగ్‌లో కూర్చుని నలభై సెకన్ల షాట్‌ని పది సెకన్లకి కోసేసి పాట వేస్తారు. నేను చూశా. ఇంకా ఒక మాట, ఇంట్లో దెబ్బలు తినే పిల్ల ఆ సంగతి తీయాలనుకుంటే, కొట్టేవాడు అదే బ్యాచ్‌లో కూర్చుని ఉంటే? ఆ పిల్లకి ఒక గది ఉండాలి కదా.

పెన్నాగట్టు:
అక్కా, ఈ రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. మీరు అడిగాక రాత్రంతా అదే ఆలోచించా. రోజూ చివరి గంట పిలకాయలు ఒక్కళ్లే ఉండేటట్టు పెడతాం, ఆ గంటలో లైబ్రరీ గదిలో ఒక ఆడ టీచర్ తప్ప పెద్దోళ్లు ఎవరూ ఉండరు. మీకు వీలైతే ఆ టీచర్ మీరే అయి రావాల, ఒంగోలు నించి నెల్లూరు దాకా రైలు, అక్కడినించి మేం తీసుకొస్తాం.

ఎడిటింగ్ విషయం, ఎవరి షాట్‌ని వాళ్లే కోయాల. అవ్వ షాట్ నలభై సెకన్లూ అట్టానే ఉంచాం, పాప ఒప్పుకోలా. సినిమా యూట్యూబ్‌లో పెట్టలా, రామాలయం ముందు తెల్ల దుప్పటి కట్టి వేశాం, అది కూడా అవ్వ ముందు చూసి సరే అన్నాకే.

ఈఎంఐ ఫోన్ల భయం లేకుండా ఈసారి ఇళ్లల్లో మూలన పడేసిన ఫోన్లు అడుగుతుండాం, అద్దం పగిలినా పర్లేదు కెమెరా పనిచేస్తే చాలు. ఇప్పటికి నాలుగు వచ్చాయి. రోజూ పొద్దున ఆరున్నరకి మొదలుపెడతాం, ఎండెక్కితే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. మేత టైము ఈ పంటకి ఏడింటికంట, మెకానిక్ అన్నని కనుక్కోమన్నా.