పటిక స్ఫటికం: పొద్దున కట్టిన గింజ మధ్యాహ్నానికి కరిగిపోతోంది

ఏడో తరగతి పాప నాన్న, అనంతపురం

ఇంట్లో పాపతో పటిక స్ఫటికం పెంచిస్తున్నాను. 200 మి.లీ. వేడి నీళ్లలో 60 గ్రాముల పటిక కరిగించి, రాత్రంతా కదపకుండా ఉంచితే గిన్నె అడుగున మెరిసే చిన్న గింజలు వస్తున్నాయి. ఒక గింజను కుట్టు దారంతో కట్టి అదే నీళ్లలో పొద్దున వేలాడదీస్తే, మధ్యాహ్నం మూడింటికల్లా ఉత్త దారమే మిగులుతోంది. ఇంకోసారి గింజ పెరగకుండా దారం పొడవునా పొడిపొడిగా పట్టింది. పైగా నీళ్లు తేటగా లేవు, తెల్లగా మసకబారి ఉన్నాయి. వాడింది బోరు నీళ్లు. ఉప్పుతోనో మైలుతుత్తంతోనో అయితే సులభం అంటున్నారు. ఏది చేయించమంటారు?

సైన్స్ టీచర్, కర్నూలు

పటికే చేయించండి అన్నా, మీ కొలతలు సరిగ్గానే ఉన్నాయి. తేడా అంతా ఎండ వల్లే.

100 మి.లీ. నీళ్లలో 25 డిగ్రీల దగ్గర సుమారు 14 గ్రాముల పటిక కరుగుతుంది, 35 డిగ్రీల దగ్గర 20 గ్రాములు. తెల్లవారుజామున చల్లబడ్డప్పుడు మీ ద్రావణం నిండుగానే ఉంటుంది. అదే ద్రావణం మధ్యాహ్నం వేడెక్కితే 200 మి.లీ.కి ఇంకో 12 గ్రాములు కరిగించుకోగలదు. దాని ముందు పెసర గింజంత స్ఫటికం ఏపాటి? మన వైపు మార్చిలో పగటికీ రాత్రికీ పది డిగ్రీల తేడా మామూలే కాబట్టి, వేళ మార్చాలి.

మధ్యాహ్నం మూడింటికి, గది బాగా వేడిగా ఉన్నప్పుడు, ద్రావణంలో పటిక పొడి వేసి కలుపుతూ పోండి. ఇక కరగక అడుగున మిగిలిపోయే దాకా వేయాలి. పది నిమిషాలు తేరనిచ్చి, పైనీళ్లు మాత్రం కాఫీ ఫిల్టర్ కాగితంలోనో నాలుగు మడతల పాత పంచె గుడ్డలోనో వడకట్టి శుభ్రమైన గాజు గ్లాసులో పోయండి. అప్పుడు గింజ కట్టాలి. సాయంత్రం నుంచి చల్లబడుతుంటే అదనపు పటిక గింజ మీద చేరుతుంది. మర్నాడు ఎండ ముదరక ముందే స్ఫటికాన్ని తీసి, మెత్తటి గుడ్డతో తడి అద్ది పక్కన పెట్టండి. మళ్లీ మూడింటికి పొడి వేయడం, వడకట్టడం, కట్టడం. రోజూ ఇంతే పని.

చల్లబడటం ఎంత నిదానమైతే స్ఫటికం అంత తేటగా వస్తుంది. గ్లాసును థర్మకోల్ డబ్బాలో పెట్టి మూత వేయండి, లేదా గ్లాసు మెడ దాకా నీళ్లున్న బకెట్లో నిలపండి. ఫ్యాన్ కింద పెడితే పైపైన ఆవిరై, నీటి మట్టం దగ్గర కొత్త రవ్వలు పుట్టి కిందికి రాలుతాయి, అవి గింజకు అంటుకుంటాయి.

కట్టే ముందు ఒక పరీక్ష ఉంది, పిల్లలకు దీన్ని తప్పకుండా చూపించండి. చిన్న పటిక రవ్వను దారానికి కట్టి గ్లాసులో దించి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని కదలకుండా చూడండి. రవ్వ నుంచి సన్నటి అలల గీతలు కిందికి జారుతుంటే అది కరుగుతోంది; పటిక ఎక్కువైన బరువు నీళ్లు దిగుతున్నాయి. గీతలు పైకి లేస్తుంటే రవ్వ పెరుగుతోంది. పటిక వదిలేసి తేలికైన నీళ్లు పైకి పోతున్నాయి. పైకి లేచినప్పుడే అసలు గింజ కట్టాలి.

దారం మీద పొడి పట్టడానికి కారణం నూలు. నూగు ఉన్న ప్రతిచోటా కొత్త స్ఫటికం మొదలవుతుంది. గాలానికి వాడే సన్న నైలాన్ తీగ గానీ, తల వెంట్రుక గానీ వాడండి. గింజ 3 నుంచి 5 మి.మీ. ఉంటే చాలు, కానీ ఒంటిది కావాలి, ముఖాలు నున్నగా ఉండాలి. రెండు కలిసి పెరిగిన దాన్ని ఎంచుకుంటే చివరిదాకా ఆ వంకర పోదు. దించే ముందు మంచినీళ్లలో ఒక్క క్షణం ముంచి తీస్తే అంటుకున్న దుమ్ము పోతుంది.

నీటి పరీక్షల ల్యాబ్‌లో పని, కడప

మసక మాట నేను చెబుతాను. బోరు నీళ్లలో బైకార్బనేట్లు ఉంటాయి. పటిక ద్రావణానికి ఆమ్ల గుణం ఉంది. రెండూ కలిస్తే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెల్లటి తెట్టులా విడిపోతుంది. బురద నీళ్లలో పటిక తిప్పితే మట్టిని పట్టుకుని కిందికి దింపేది ఇదే. అక్కడ మేలు చేసేది ఇక్కడ స్ఫటికాన్ని పాడు చేస్తుంది. ఆర్వో నీళ్లు వాడండి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ అయితే ఇంకా మేలు. గిన్నె స్టీలుది గానీ గాజుది గానీ వాడండి, అల్యూమినియంది వద్దు.

పటిక కూడా చూసి కొనండి. గుమ్మానికి దిష్టికి కట్టేది, మంగలి షాపులో వాడేది గాజులా తేటగా ఉంటుంది, అది పనికొస్తుంది. నీళ్ల ట్యాంకుల్లో వేసే మబ్బు రంగు దిమ్మలు చాలా వరకు ఉత్త అల్యూమినియం సల్ఫేట్. వాటితో ఎనిమిది ముఖాల స్ఫటికం రాదు.

కెమిస్ట్రీ ట్యూషన్లు, అనంతపురం

మైలుతుత్తం రంగు చూసి పిల్లలు ముచ్చటపడతారు గానీ, ఏడో తరగతికి ఇంట్లో వద్దే వద్దు. మింగితే విషం, కంట్లో పడితే ప్రమాదం. మిగిలిన నీళ్లు కాలువలో పోస్తే చేపలు చస్తాయి. పటికను కూడా నోట్లో పెట్టుకోనివ్వకండి, ముట్టుకున్నాక చేతులు కడిగించండి, వేడి నీళ్ల పని మీరే చూసుకోండి.

ఉప్పు చేయించవచ్చు, దాని పద్ధతి వేరు. 100 మి.లీ. చల్లటి నీళ్లలో 36 గ్రాములు కరిగితే, మరిగే నీళ్లలోనూ 39 గ్రాములే. కాబట్టి చల్లబరిస్తే పెద్దగా ఏమీ రాదు, నీళ్లు ఆవిరి కావాల్సిందే. మెత్తటి ప్యాకెట్ ఉప్పులో గడ్డకట్టకుండా వేసే పదార్థం ఉంటుంది, అందుకని కల్లుప్పు తీసుకుని, కరిగించి వడకట్టండి. వెడల్పాటి గాజు పళ్లెంలో పోసి, పైన సూదితో నాలుగైదు చిల్లులు పొడిచిన కాగితం కప్పండి. మన పొడిగాలికి తెరిచి పెడితే మరీ తొందరగా ఆవిరై, నడుమ గుంటపడిన తెల్లటి రవ్వలే వస్తాయి.

ఏడో తరగతి పాప నాన్న, అనంతపురం

అందరికీ థాంక్స్. ఆర్వో నీళ్లతో మధ్యాహ్నం మూడింటి పద్ధతిలో మొదలుపెడతాము. పాప ఎర్ర ఫుడ్ కలర్ కలుపుదామంటోంది, స్ఫటికానికి రంగు వస్తుందా?

సైన్స్ టీచర్, కర్నూలు

రాదన్నా. స్ఫటికం వరుసలో తన అణువులనే చేర్చుకుంటుంది, రంగు నీళ్లలోనే ఉండిపోతుంది. ఎక్కడైనా పగుళ్లలో చిక్కుకుంటే మరకలా కనిపిస్తుంది, అంతే. రంగు బదులు రోజూ స్ఫటికాన్ని తీసినప్పుడు తూకం వేసి రాయించండి. 0.1 గ్రాము చూపే చిన్న తూకం చాలు. ఏ రోజు ఎక్కువ పెరిగిందో, ఆ రాత్రి గది ఎంత చల్లబడిందో పక్కపక్కన రాస్తే గ్రాఫ్ గీయవచ్చు.

పెరిగాక బయట వదిలేయకండి. ఎండాకాలపు పొడిగాలికి పటిక స్ఫటికంలోని నీరు కొంత పోయి పైన తెల్లటి పొడి పడుతుంది. బాగా ఆరాక రంగులేని గోళ్ల పాలిష్ రెండు పూతలు వేసి మూత ఉన్న సీసాలో పెట్టండి.