తొలికాన్పు ఆపరేషన్ అయింది, మలికాన్పుకు మిడ్‌వైఫ్ దగ్గరికి వెళ్లొచ్చా?

ఎనిమిదో_నెల: పాపకు నాలుగేళ్లు. అప్పుడు కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. నొప్పులు మొదలే కాలేదు. ముహూర్తం బాగుందని మామయ్య టైమ్ రాయించుకొచ్చారు, ఆ టైమ్‌కి తీశారు. ఈసారి ప్రభుత్వ ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌లు చూస్తారంటే వెళ్లాను. సిస్టర్ నా పాత కాగితాలన్నీ చదివింది. గర్భసంచి మీద కోత అడ్డంగానే ఉంది, మాయ కిందికి లేదు, నార్మల్‌కి ప్రయత్నించవచ్చు, డాక్టరమ్మ కూడా చూస్తారు అంది. ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోవట్లేదు. మీలో ఎవరైనా ఇలా కన్నారా?

గోదావరిఖని_అన్న: వద్దు చెల్లె. ఒకసారి కుట్లు పడ్డ గర్భసంచి నొప్పులకు తట్టుకోదు. మంత్రసానుల కాలం పోయింది, మళ్లీ వెనక్కి ఎందుకు?

జగిత్యాల_ఆడపడుచు: మంత్రసాని అనకండి. వీళ్లు నర్సింగ్ చదివి, ఆ తర్వాత 18 నెలలు ఇదే పని నేర్చుకున్నవాళ్లు. 2017లో మన రాష్ట్రంలోనే మొదలైంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ప్రైవేటులో 81.5. దేశం మొత్తం మీద 21.5. మన ఆడవాళ్లకే నడుము ఎముకలు ఇరుకుగా పుట్టాయా?

గోదావరిఖని_అన్న: పేరు మారిస్తే పని మారుతుందా? మంత్రసానీ కాన్పే చేసేది, వీళ్లూ కాన్పే చేస్తారు.

జగిత్యాల_ఆడపడుచు: మా నాయనమ్మ ఊళ్లో నలభై ఏళ్లు పురుళ్లు పోసింది. ఆమెను తక్కువ చేసి మాట్లాడితే ఊరుకోను. కానీ ఆమెకు బీపీ చూసే మిషను లేదు, బిడ్డ గుండె వినే డాప్లర్ లేదు. వీళ్లకు ఉన్నాయి. తేడా లేదంటే ఎలా?

లండన్_తెలుగు: మా రెండో బాబు ఇలాగే పుట్టాడు, ఇక్కడి ఆసుపత్రిలో. చివరి దాకా పక్కన ఉన్నది మిడ్‌వైఫే. బిడ్డ గుండె చూసే బెల్టు మాత్రం ఒక్క నిమిషం కూడా తియ్యలేదు.

కొత్త_బాలింత: ముహూర్తం పెట్టించడం మా ఇంట్లోనూ జరిగింది. ఎవరికి చెప్పుకోవాలి?

సిస్టర్_నైట్‌డ్యూటీ: నేను మిడ్‌వైఫ్‌ని, కాబట్టి ఉన్నది చెప్తాను. మొదటిది ఆపరేషన్ అయినవాళ్లను మేము ఒంటరిగా చూడం. బాధ్యత డాక్టరుది. మేము పక్కన కూర్చుంటాం, నడిపిస్తాం, బాల్ మీద కూర్చోబెడతాం, తాగడానికి ఇస్తాం, గుండె చప్పుడు గమనిస్తూ ఉంటాం. ప్రయత్నించినవాళ్లలో సుమారు నలుగురిలో ముగ్గురికి నార్మల్ అవుతుంది. పాత కుట్టు విడిపోయేది దాదాపు 200 మందిలో ఒకరికి. గర్భసంచి మీద నిలువు కోత ఉన్నవాళ్లను అసలు ప్రయత్నించనివ్వం. అలాగని మళ్లీ ఆపరేషనే మేలనీ అనలేం. కోతలు పెరిగే కొద్దీ, తర్వాతి కాన్పులో మాయ పాత మచ్చకు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది.

గోదావరిఖని_అన్న: 200లో ఒకరు. ఆ ఒక్కరు ఎవరో ముందే చెప్పగలరా?

జగిత్యాల_ఆడపడుచు: ఆపరేషన్‌లో ఏం కాదని మీరు రాసిస్తారా? నాకు రెండూ ఆపరేషన్లే. రెండోసారి కుట్లు చీము పట్టి నెలన్నర మంచం మీదున్నాను. బిడ్డకు పాలివ్వడానికి ఒరగడం కూడా చేతకాలేదు. మగవాళ్లకు ఆపరేషన్ అంటే ఒక సంతకం. కోసేది మా కడుపు.

గోదావరిఖని_అన్న: ఆ సంతకం పెట్టింది నేనే. మా చెల్లెలికి. ఆమెదీ రెండో కాన్పే, మొదటిది ఆపరేషనే. చిన్న నర్సింగ్‌హోమ్, నార్మల్ అవుతుందన్నారు. రాత్రి పదకొండుకు నొప్పుల మధ్య కూడా కడుపు నొప్పి ఆగట్లేదని చెప్పింది. ఓర్చుకో అన్నారు. మత్తు డాక్టరు ఊళ్లో లేడు. వరంగల్ తీసుకెళ్లేసరికి బిడ్డ లేదు, గర్భసంచి తీసేశారు. కారిడార్‌లో నిలబడి నేను సంతకం పెట్టాను. సంతకం గురించి నాకు చెప్పకండి.

కొత్త_బాలింత: అన్నా…

జగిత్యాల_ఆడపడుచు: అన్నా, అలా అన్నందుకు క్షమించు. నాకు తెలియదు. కానీ ఒక్క మాట అడుగుతాను. ఆమె నొప్పి ఆగట్లేదంటే ఓర్చుకో అన్నారు. నాకు ఆపరేషన్ ఎందుకని అడిగితే, నీకేం తెలుసన్నారు. ఇద్దరి మాటా ఎవరూ వినలేదు కదా?

గోదావరిఖని_అన్న: వినలేదు. నిజమే. విన్నా ఆ రాత్రి మత్తు డాక్టరు లేడు. నాకు మిడ్‌వైఫ్ మీద కోపం లేదు. రాత్రి రెండింటికి ఆపరేషన్ థియేటర్ తెరుచుకుంటుందా లేదా? పొద్దుటి నుంచి నేను అడగాల్సింది అదే, మంత్రసాని మీద పడ్డాను.

సిస్టర్_నైట్‌డ్యూటీ: అన్న అడిగింది సరైన ప్రశ్న. మా దగ్గర తెరుచుకుంటుంది. అన్ని చోట్లా అలా లేదు, లేని చోట ఈ ప్రయత్నం చెయ్యకూడదు. నొప్పికి నొప్పికి మధ్య కూడా కడుపు నొప్పి ఆగకపోతే మేము వెంటనే డాక్టరును పిలవాలి. మీ చెల్లెలు చెప్పింది సరిగ్గా ఆ గుర్తే. ఆమె తప్పేం లేదు.

లండన్_తెలుగు: ఎనిమిదో నెల గారూ, వెళ్లి ఇదే అడగండి.

ఎనిమిదో_నెల: ఇవాళ వెళ్లి అడిగాను. మా ఆయన కూడా వచ్చారు, మొదటిసారి. మత్తు డాక్టరు రాత్రుళ్లు ఆసుపత్రిలోనే ఉంటారట. ఆదివారం రాత్రి మాత్రం ఇంటి నుంచి రావాలి, ఇరవై నిమిషాలు పడుతుందని దాచకుండా చెప్పారు. ఆదివారం నొప్పులొస్తే నేరుగా ఆపరేషన్‌కే వెళ్లేలా కాగితం మీద రాయించాను. మామయ్య ఇంకా మాట్లాడట్లేదు. ముహూర్తం మాత్రం ఈసారి వద్దని మా ఆయనే చెప్పారు.

జగిత్యాల_ఆడపడుచు: మీ ఆయన నోరు విప్పారు, చాలా సంతోషం.

గోదావరిఖని_అన్న: చెల్లె, నీ బ్లడ్ గ్రూప్ ఏంటి? తొమ్మిదో నెల రాకముందే రక్తం సంగతి చూసి పెట్టుకోండి. మా దగ్గర ఇచ్చేవాళ్లు ఉన్నారు, గ్రూప్ చెప్తే అడుగుతాను.