కొండమల్లేపల్లి దిక్కు చిన్న మిషన్ క్యాంపు కడదామనుకుంటున్నం, ముందు ఏం చూసుకోవాలె?

డిండి కాల్వ:
అందరికీ వందనాలు. మాది దేవరకొండ దగ్గర పల్లె. చుట్టుపక్కల పదకొండు క్రైస్తవ సంఘాలున్నయి, ఏదీ పెద్దది కాదు, కొన్నిట్ల ఆదివారం ముప్పై మంది కూడ దాటరు. యూత్ రిట్రీట్ పెట్టాలన్నా భార్యాభర్తలకు రెండు రోజుల కూటం పెట్టాలన్నా హైదరాబాద్ దిక్కు సెంటర్లకు పోవుడే, మనిషికి ఇంత అని కట్టి బస్సు మాట్లాడుకోని పోవాలంటే కూలికి పోయే కుటుంబం ఎట్ల వస్తది, ఆఖరికి వచ్చేది ఉద్యోగాలున్నోళ్ల పిల్లలే. మా సంఘంల ఒక పెద్దాయన కొండమల్లేపల్లి దిక్కు 4 ఎకరాల 10 గుంటలు ఊరికనే ఇస్తనంటుండు. వచ్చే ఎండకాలంకే క్యాంపు పెట్టాలని 400 మంది పట్టే హాలు, పక్కన ఇరవై రూములు అని ప్లాన్ గీయించినం, ఇంజనీరు రేటు చెప్పినంక కమిటీల ఒక్కరు నోరు తెరుస్తలేరు. అమెరికాల ఉన్న మా వాళ్లు కొంత పంపుతమంటున్నరు. అనుభవం ఉన్నోళ్లు చెప్పండి, ఎక్కడికెళ్లి మొదలుపెట్టాలె?

పాలమూరు పిల్లోడు:
అన్నా, ప్లాన్ పక్కన పెట్టు. ఆ భూమి పట్టానా లావణి పట్టానా ముందు అది చూడు. ఇందిరమ్మ కాలంల సర్కారు పంచిన ఈ లావణి భూములు మన దిక్కు మస్తున్నయి, లావణి అయితే 1977 చట్టం ప్రకారం అమ్ముడు లేదు, దానం లేదు, రాసిచ్చినా చెల్లదు, సర్కారు వాపస్ తీసుకోవచ్చు. పెద్దాయన మనసు మంచిదే గావచ్చు, కాయితం సంగతి వేరు. భూభారతిల, అంటే సర్కారు భూముల వెబ్‌సైట్ల చూస్తే తెలుస్తది, పాత పహాణీలు (ఊరి భూమి రికార్డులు) కూడ తీయించు.

ఇంకోటి, ఎవరి పేరు మీద రాపిస్తున్నరు? మా దగ్గర ఒక సంఘం, ఊరు పేరు వద్దు, అందరూ చిట్టీలేసి హాలు కట్టుకున్నరు, "అయ్యగారి పేరు మీద ఉంటే ఏమైతది, ఆయన దేవుని మనిషి" అనుకున్నరు. అయ్యగారు పోయిండు. ఇద్దరు కొడుకులు పంచాయితి పెట్టుకుంటే గేటుకు రెండు తాళాలు పడ్డయి, ఒకదాని మీద ఒకటి. నేను పోయి చూసొచ్చిన, లోపల కుర్చీల మీద పావురాలు. ఏడుగురితోని సొసైటీ రిజిస్టర్ చేయించి దాని పేరు మీదనే రాపించండి, ఆ ఏడుగురు ఒకే ఇంటోళ్లు గాకుండ చూసుకోండి మళ్ల.

గుట్టకింది అక్క:
తమ్మీ, నేను పదేండ్ల సంది క్యాంపులల్ల వంట దగ్గర ఉంటున్న, మీరందరు హాలు హాలు అంటరు గని ఆడోళ్లు ఒక క్యాంపుకు రెండోసారి వస్తరా రారా అనేది బాత్రూంల కాడ తేలుతది. 120 మంది ఉంటే నాలుగు బాత్రూంలు పెట్టిన్రు ఒక తాన, పొద్దుగాల నాలుగింటికే లైను, చంటిపిల్లల తల్లులు బకెట్ పట్టుకోని నిలబడ్డరు, ఏడింటి ప్రార్థనకు సగం మంది రాలే, స్టేజి మీదికెళ్లి అయ్యగారేమో ఆత్మీయంగ చల్లబడ్డరని కోప్పడుతుండు! చల్లబడలేదయ్యా, తానం కాలే.

స్నానాలు, వంట, గిన్నెలు అన్ని కలిపి మనిషికి డెబ్బై లీటర్లు ఏసుకో, 120 మందికి రోజుకు 8,400 లీటర్లు. ఎండకాలం బోరు అంత ఇస్తదా? పిల్లల సెలవులు అప్పుడే కాబట్టి క్యాంపులు కూడ అప్పుడే. ఏప్రిల్ ఆఖర్ల మోటర్ ఏసి నాలుగు గంటలు నడిపిచ్చి చూడు, వానకాలం చూసి మురిసిపోకు.

తాగే నీళ్లు ఇంకా ముఖ్యం, నల్గొండ జిల్లా అని మర్చిపోకు. మునుగోడు, మర్రిగూడ దిక్కు నడుములు వంగిపోయినోళ్లను చూడలేదా. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు, కాగబెడితే పోదు, ఇంకా చిక్కబడుతది. బోరు నీళ్లు ముందు టెస్టు చేయించు. భగీరథ నల్లా ఊర్లెకెళ్లి క్యాంపు దాక వస్తదో లేదో కనుక్కో, రాకుంటే ఆర్వో పెట్టాలె, దాంట్ల సగం నీళ్లు బయటికే పోతయి, అది కూడ లెక్కల ఏసుకో.

లెక్కల మాస్టర్:
అమెరికా పైసల గురించి ఎవరూ చెప్పలే కాబట్టి చెప్తున్న. మీ వాళ్లు ఇంకా ఇండియా పాస్‌పోర్ట్ మీదనే ఉండి సొంత సంపాదన పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి సిటిజన్ అయినోళ్లు పంపినా అక్కడి చర్చి పంపినా ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండ రూపాయి ముట్టొద్దు. ఆ రిజిస్ట్రేషన్ కొత్త సొసైటీకి రాదు, మూడేండ్లు పనిచేసి 15 లక్షలు ఖర్చు చూపించాలె, వచ్చినంక కూడ పైసలు ఢిల్లీల ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలనే పడాలె. మధ్యల ఎవరన్న "నా పర్సనల్ అకౌంట్ల ఏయండి, నేనిస్త" అంటే వద్దనండి, ఎంత దగ్గరోడైనా సరే.

ఓరుగల్లు వాసి:
పెద్దగ ఆలోచిస్తే తప్పేంది? మెదక్ చర్చి కరువుల కట్టిన్రు, పనికొచ్చినోళ్లకు కూడు దొరికింది, 1924ల ప్రతిష్ఠ అయింది, ఇయ్యాల్టికి నిలబడ్డది. విశ్వాసం ఉండాలె బ్రదర్.

గుట్టకింది అక్క:
విశ్వాసం ఉన్నది తమ్మీ, సెప్టిక్ ట్యాంక్ కూడ ఉండాలె. మెదక్ చర్చి ఏండ్లకేండ్లు కట్టిన్రు, వీళ్లు వచ్చే ఎండకాలంకే క్యాంపు పెడతమంటున్నరు.

పాలమూరు పిల్లోడు:
అక్క చెప్పింది కరెక్టే. ఇంకో మాట, మెనొనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు ఉన్న కాలంకెళ్లి పాలమూరు, జడ్చర్ల, వనపర్తి, గద్వాల, దేవరకొండల మిషన్ కాంపౌండ్లున్నయి కదా, నేను పుట్టింది కూడ జడ్చర్ల మిషన్ దవాఖానలనే. ఒక రెండేండ్లు అసొంటి కాంపౌండ్లనో సెలవులల్ల బడిలనో అడిగి క్యాంపులు నడిపి చూడండి. ఎంతమంది వస్తున్నరు, ఏ నెలల వస్తున్నరు తెలుస్తది. పత్తి ఏరే టైంల పెడితే ఒక్క కుటుంబం రాదు, మేం నవంబర్ల పెట్టి ఖాళీ కుర్చీలకు వాక్యం చెప్పినం. అటెనక కడితే ముందు బోరు, బాత్రూంలు, వంటషెడ్డు, షాబాద్ బండలేసిన రేకుల షెడ్డు ఒకటి, చాలు. మొగోళ్లు షెడ్డుల పండుకుంటరు, రూములు ఆడోళ్లకు పిల్లలకు. హాలు ఆఖరికి.

డిండి కాల్వ:
అందరికీ థ్యాంక్స్. నిన్న పహాణీ తీయిస్తే 4 ఎకరాల 10 గుంటలల్ల 1 ఎకరం 30 గుంటలు లావణే, రోడ్డు దిక్కు ముక్క అదే. పెద్దాయనకు కూడ తెల్వదంట, ఆయన నాయన కాలంది. మొఖం చిన్నబోయింది పాపం, "నేను అబద్ధం ఆడలే అయ్యా" అని రెండుసార్లన్నడు. మిగిలిందానికి బాట ఎటుకెళ్లి అనేది ఇప్పుడు చూడాలె. హాలు ప్లాన్ పక్కకు పెట్టినం, దసరా సెలవులల్ల మూడు రోజులకు బడి అడుగుతున్నం, బడిల బాత్రూంలు రెండే, తడకలు కట్టి ఇంకో ఆరు చేస్తం.

అక్కా, 120 మందికి అన్నం వండే గంజులు దేవరకొండల కిరాయికి దొరుకుతయా, లేకుంటే నల్గొండ పోవాల్నా?

గుట్టకింది అక్క:
టెంట్‌హౌస్‌లల్ల దొరుకుతయి, దసరాకు గిరాకి ఉంటది, నెల ముందే అడ్వాన్స్ ఇయ్యి. మూతలు లెక్కబెట్టుకోని తెచ్చుకో.